మ్యాచ్ రోజున పడవ ఎక్కకు

అమ్మలూ,

ఇండోనేషియా టికెట్లు తీసేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. అక్టోబరు మూడో వారం నుంచి నెల రోజులు, జావా, బాలి, లొంబోక్, వీపున ఒక్క బ్యాగు. చాలా సంతోషమేసింది. అక్కడ తిరుగుతూ మన ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ మ్యాచ్‌లు ఎలా చూడాలా అని టెన్షన్ పడుతున్నావట. ఆ దీవుల్లో నేను మూడుసార్లు తిరిగాను, మూడుసార్లూ మన జట్టును వదల్లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు టైము సంగతి చూసుకో. జావాలో ఒక టైము, బాలి, లొంబోక్‌లలో దానికంటే గంట ముందు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు జావా చివరన కెటాపాంగ్‌లో ఫెర్రీ ఎక్కి బాలి ఒడ్డున గిలిమానుక్‌లో దిగాను. బాలిలో మ్యాచ్ రాత్రి పదింటికి. చేతి గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఇంకా బోలెడు టైముంది కదా అని తీరిగ్గా భోజనం చేసి వెళ్తే, అప్పటికే ఫస్ట్ హాఫ్ అయిపోయింది! గడియారం జావా టైములోనే ఉండిపోయింది. నీ ఫోన్ తనంతట తాను మారుతుందిలే. కానీ ఇంకో మెలిక ఉంది: అక్టోబరు చివరి ఆదివారం ఇంగ్లండులో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా శనివారం మధ్యాహ్నం మూడింటి ఆట నీకు బాలిలో రాత్రి పదింటికి వస్తే, ఆ తర్వాత పదకొండింటికి వస్తుంది. యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌లో తెల్లవారుజామున మూడింటికి వచ్చే ఆటలు నాలుగింటికి మారతాయి.

ఫోన్‌లో చూసుకుందామనుకోకు. మనం ఇక్కడ డబ్బు కట్టిన యాప్ అక్కడ పనిచెయ్యదు, ప్రసార హక్కులు దేశానికొకరివి. ఒకవేళ దొరికినా, గదిలో ఒక్కదానివే దుప్పటి కప్పుకుని చూడ్డానికి అంత దూరం వెళ్ళడం ఎందుకమ్మా? అక్కడివాళ్ళు నలుగురూ కలిసి మ్యాచ్ చూడ్డాన్ని 'నోబార్' అంటారు. ఆ ఒక్క మాట నేర్చుకో. ఎర్ర జెర్సీ వేసుకుని ఏ వారుంగ్‌లోనైనా, అంటే మన కాకా హోటల్ లాంటి దాంట్లో, 'నోబార్?' అని అడుగు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

2019 మే 8న నేను లొంబోక్‌లో ఉన్నాను. బార్సిలోనాతో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో ఆట, రెండు ఆటల గోల్సూ కలిపి లెక్కిస్తారు. మొదటి ఆటలో మనం 3-0తో ఓడాం, పైగా గోల్స్ కొట్టే సలా లేడు, ఫర్మినో లేడు. మ్యాచ్ మూడింటికి. రంజాన్ నెల కావడంతో ఊరంతా సహరీకి లేచే ఉంది. చెక్క బల్ల మీద పదిమందిమి, గ్లాసు అడుగున పొడి పేరుకున్న నల్ల కాఫీ, పళ్ళెంలో వేయించిన టెంపే, అంటే పులియబెట్టిన సోయా గింజల ముక్కలు. 79వ నిమిషంలో కార్నర్. అలెగ్జాండర్-ఆర్నాల్డ్ బంతి వదిలేసి రెండడుగులు వేసినట్టే వేసి, గిర్రున తిరిగి కొట్టాడు. బార్సిలోనా వాళ్ళు ఇంకా సర్దుకోనేలేదు, మన డివాక్ ఒరిగి నాలుగో గోల్ చేసేశాడు. కొట్టాయన గరిటె గాల్లోనే ఆగిపోయింది, దాని చివర నుంచి నూనె బొట్లు బొట్లుగా పడుతోంది. ఏం జరిగిందో మాకెవరికీ ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత ఎవరు ఎవర్ని కావలించుకున్నారో తెలియదు. ఆట ముగిసి 4-0 అని తెర మీద ఉండగానే మసీదు మైకు మోగింది. అందరూ గబగబా నీళ్ళు తాగి లేచారు.

నువ్వు వెళ్ళేది రంజాన్‌లో కాదు, ఆ వేళకి కొట్లు మూసి ఉంటాయి. కాబట్టి తెల్లవారుజాము ఆటలున్న రోజుల్లో బంతి పిచ్చి ఉన్న కుటుంబం నడిపే హోమ్‌స్టే చూసుకో. బుక్ చేసే ముందే అడుగు. ఆ ఇంట్లోనే టీవీ ఉంటే నాలుగింటికి చీకట్లో ఒక్కదానివే రోడ్డు మీదికి వెళ్ళే పని ఉండదు. ఈ ఒక్క విషయంలో మావయ్య మాట వినాలి.

మ్యాచ్ రోజున పడవ ఎక్కకు, మర్నాడు పొద్దున పడవ అసలే వద్దు. నవంబరులో వానలు మొదలవుతాయి, పడవ ఆలస్యమైతే ఆటా పోతుంది. నిద్ర లేని కడుపుతో అలల మీద ఊగడం నరకం. నవంబరులో దేశాల జట్లు ఆడే విరామం వస్తుంది, క్లబ్ మ్యాచ్‌లు ఉండవు. లొంబోక్ పక్కనున్న గిలి దీవులకి అప్పుడు వెళ్ళు. మోటారు బండ్లు ఉండవు, గుర్రబ్బండ్లూ సైకిళ్ళే.

వాళ్ళ సొంత ఆట కూడా ఒకటి చూడు. గియాన్యార్‌లో బాలి యునైటెడ్ ఆడుతుంది. అయితే స్థానిక జట్ల మధ్య వైరం గురించి సరదాగా కూడా మాట్లాడకు. 2022 అక్టోబరు 1న జావాలో మలాంగ్‌లోని కంజురుహాన్ స్టేడియంలో వైరి జట్ల ఆట ముగిశాక పోలీసులు టియర్ గ్యాస్ వదిలితే తొక్కిసలాటలో 135 మంది చనిపోయారు. ఆ బాధ వాళ్ళకింకా పచ్చిగానే ఉంది.

జకార్తాలో ఒక్క పూట ఆగగలిగితే సెనాయన్ స్టేడియానికి వెళ్ళు. 1962 ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో మన దేశం దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచింది అక్కడే. కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్. అప్పటికే ఆయనకు క్యాన్సర్, మరుసటి ఏడాదే పోయారు. ఆ మెట్ల మీద కాసేపు కూర్చో, నా తరఫున కూడా.

నవంబరులో నీకక్కడ తెల్లవారుజామున నాలుగైతే ఇక్కడ నాకు రాత్రి ఒంటిగంటన్నర. నేనూ మేలుకునే ఉంటాను. గోల్ పడితే ఫోన్ చెయ్యి, మీ అత్తయ్య ఏమీ అనదు.

ఆశీస్సులతో,
మావయ్య