పర్లాకిమిడి కొండల నడుమ 40 మీటర్ల బ్యాండుకు ఏ యాంటెన్నా?

గుణుపురంలో కొత్తగా హ్యామ్ రేడియో (అభిరుచి కోసం ఇంటినుంచి నడుపుకునే రేడియో స్టేషన్) లైసెన్సు పొందానని, డాబా మీద ఒక్క యాంటెన్నాకే చోటుందని, 40 మీటర్ల బ్యాండులో (సుమారు 40 మీటర్ల పొడవున్న తరంగాలలో) విశాఖపట్నం, బరంపురం మిత్రులతో మాట్లాడడానికి దానిని అడ్డంగా కట్టాలా, నిలువుగా నిలబెట్టాలా అని అడిగారు. ఆ దూరాలకైతే సందేహించకుండా అడ్డంగానే కట్టండి.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. తక్కువ చోటు పడుతుందని మొదట పెరట్లో 10 మీటర్ల నిలువు యాంటెన్నా పెట్టాను. రాత్రిపూట దూరదేశాల స్టేషన్లు దానిలో చక్కగా పలికేవి గాని, పట్టపగలు విశాఖ మిత్రుల మాట వినబడేది కాదు. నిలువు యాంటెన్నా శక్తిని తక్కువ కోణంలో దిగంతం వైపు పంపుతుంది కనుక, పైన రేడియో తరంగాలను తిప్పి పంపే వాతావరణ పొర అయిన అయనోస్ఫియర్‌ను తాకిన తరంగం ఎక్కడో దూరాన దిగుతుంది, నేల వెంట పోయేది మన కొండల్లో క్షీణిస్తుంది. 6 నుంచి 8 మీటర్ల ఎత్తున అడ్డంగా కట్టిన డైపోల్ (నడుమ నుంచి రెండు వైపులా సాగే తీగ యాంటెన్నా) మాత్రం శక్తిని చాలావరకు నిట్టనిలువుగా పైకి పంపుతుంది. పైనుంచి తిరిగివచ్చే ఆ సంకేతం చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర, కొండకు ఇవతలా అవతలా కూడా పడుతుంది. పైగా నిలువుదాని కింద చాలినన్ని రేడియల్ తీగలు (దాని అడుగు నుంచి చుట్టూ నేలమీద సాగే తీగలు) పరచకపోతే శక్తిలో పెద్దభాగం నేల పాలవుతుంది. నేను నాలుగే పరిచాను. మోటార్ల, ఎల్ఈడీ బల్బుల రొద కూడా దానిలోనే ఎక్కువగా వినిపించేది.

డైపోల్ మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు. డాబా చాలకపోతే నడుమ ఒక గడ నిలిపి, రెండు కొసలను వాలుగా దించి నైలాన్ తాళ్ళతో చెట్లకు కట్టండి. కొసల్లో వోల్టేజీ ఎక్కువ గనుక అవి ఎవరి చేతికీ అందకూడదు. తీగను కొంచెం పొడుగ్గానే కోసుకుని, ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో తెలిపే కొలత) చూస్తూ తగ్గించుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు నా గడ విరిగింది, కరెంటు, ఫోన్లు పోయాయి. మిగిలిన తీగనే కూలకుండా నిలిచిన పనస కొమ్మకు ఎగదీసి, కారు బ్యాటరీతో సెట్ నడిపి, విశాఖ మిత్రుని ద్వారా మా అమ్మాయికి క్షేమసమాచారం పంపగలిగాను. ఈ సరిహద్దు ప్రాంతంలో ఉండేవారికి అంతకు మించిన గుణం మరొకటి అక్కరలేదని నా నమ్మకం.

చీకటి పడ్డాక దగ్గరి స్టేషన్లు మాయమైతే తీగను అనుమానించకండి. రాత్రి అయనోస్ఫియర్ పలచబడి నిట్టనిలువు తరంగాన్ని తిప్పి పంపలేదు. అప్పుడు 80 మీటర్ల బ్యాండుకు దిగవలసిందే, దానికి తీగ రెట్టింపు కావాలి.

ఎప్పుడైనా 2 మీటర్ల బ్యాండులో ఎఫ్ఎం రిపీటరును (సంకేతాన్ని అందుకుని మళ్ళీ ప్రసారం చేసే స్టేషనును) అందుకోవాలనుకుంటే దానికి నిలువు యాంటెన్నాయే వాడండి. అక్కడ అందరివీ నిలువుగానే ఉంటాయి. మీది అడ్డంగా ఉంటే సంకేతం 20 డెసిబెల్స్ దాకా పడిపోవచ్చు. 145 మెగాహెర్ట్జ్ వద్ద దానికి అర మీటరు కడ్డీ చాలు, డైపోల్ గడ కొననే బిగించుకోవచ్చు.