కొత్త బియ్యం అన్నం ఎందుకు ముద్దవుతుంది?

కొత్త బియ్యపు గింజ ఉడికేటప్పుడు తనలోని పిండిని ఆపుకోలేదు. అది గంజిలోకి దిగి మెతుకులను అంటించేస్తుంది, అందుకే ముద్దవుతుంది. ఆరు నెలలు దాటి నిల్వ ఉంటే గింజలోని మాంసకృత్తులు బిగుసుకుని పిండిని లోపలే పట్టి ఉంచుతాయి. అప్పుడు గింజ నీళ్లు ఎక్కువ తాగి, బాగా ఒదిగి, పొడిపొడిగా ఉడుకుతుంది.

మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ రకం వరినే తీసుకోండి. సార్వా కోత అయిన వెంటనే ఆడించిన బియ్యమైతే కుక్కర్లో గ్లాసుకు గ్లాసున్నర నీళ్లు చాలు. అవే ఏడాది నిల్వయితే రెండు పైనే పడతాయి. కొత్తవాటికి గంజి వార్చడమే మేలు (ఆ గంజి చిక్కదనం చూస్తే సంగతి అర్థమవుతుంది).

తడి వల్లే ముద్దవుతోందని చాలామంది బియ్యాన్ని ఎండలో పోస్తారు. ఎండతో బియ్యం పాతబడవు. గింజ బీటలిచ్చి, ఉడుకులో విరిగి, పిండి ఇంకా ఎక్కువ వదులుతుంది.