ఆసిడ్ ట్రే పక్కన ఒక నోటుబుక్కు

తమ్ముడూ,

ఉద్యోగం వచ్చినందుకు చాలా సంతోషం. తర్వాత మర్చిపోతానేమోనని ముందే చెప్తున్నా. పొద్దున ప్రింట్‌మేకింగ్ (ప్లేట్ మీద గీసి కాగితం మీద అచ్చు తీసే పని) క్లాసులు, మధ్యాహ్నం పీహెచ్‌డీ చదువు, రాత్రి మిగిలిన ఓపికతో సొంత బొమ్మలు, వీటి మధ్య బొమ్మల గురించి తెలుగులో రాయాలన్న కోరిక, "సార్, వీటిలో దేన్ని వదిలెయ్యాలి?" అని అడిగావు. దేన్నీ వదలక్కర్లేదు. నాలుగు పనులకీ నాలుగు వేరే బల్లలు వేసుకుని కూర్చున్నావు చూడు, అది మానెయ్ చాలు.

శాంతినికేతన్ హిందీ భవన్‌లో చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ 1946-47లో వేసిన కుడ్యచిత్రం ఉంది. మధ్యయుగాల భక్తుల మీద, కబీరు, సూరదాసు, రామానుజులు, వాళ్ల చుట్టూ బోలెడంత జనం. ముఖర్జీకి పుట్టుకతోనే ఒక కన్ను కనిపించదు, రెండోది అంతంతమాత్రం. అయినా పూర్తి సైజు నమూనా గీసి గోడకెక్కించకుండా, తడి గార మీద నేరుగా వేసుకుంటూ పోయారు. పక్కన సాయం చేసిన విద్యార్థుల్లో కె.జి. సుబ్రమణ్యన్ ఒకరు. ఆ భక్తుల గురించి చదువుకోకుండా ఆ గోడ వెయ్యలేరు, పక్కనున్న పిల్లలకి నేర్పకుండా పూర్తి చెయ్యలేరు. ఇప్పుడు చెప్పు, అది బొమ్మా, పాఠమా, పరిశోధనా? మన పనికి పాయింట్లు వేసే అప్రైజల్ ఫారంలో దాన్ని ఏ కాలమ్‌లో నింపుతావు?

ఆ సుబ్రమణ్యనే 1951లో బరోడా వెళ్లి పాఠాలు చెప్పారు, బొమ్మలు వేశారు, బొమ్మల గురించి రాశారు, మధ్యలో కొన్నాళ్లు చేనేత బోర్డులో పనిచేశారు, ఫైన్ ఆర్ట్స్ మేళాకి పిల్లలతో కలిసి ఆటబొమ్మలు కూడా చేశారు. మన నిజాంపూర్ నుంచి చిత్రకారుడు లక్ష్మా గౌడ్ వెళ్లి చేరింది ఆయన దగ్గరే. ఆ గౌడ్ గారు తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంతమందికి దారి చూపించారో నీకు తెలిసిందే.

పెద్దవాళ్ల కథలు వింటుంటే బాగానే ఉంటాయి, మన సంగతేంటి అంటావు. నాది చెప్తా విను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మే నెలలో, పుస్తకంలో రాసిన టైమ్ చూసుకుని ఎచింగ్ కోసం, అంటే గీసిన గీతల్ని ఆసిడ్ తిని లోతు చెయ్యడానికి, జింక్ ప్లేట్‌ని నైట్రిక్ ఆసిడ్‌లో వేశాను. ఆ పుస్తకం రాసినాయన చలి దేశంలో కూర్చుని రాశాడన్న ఆలోచనే రాలేదు. మన ఎండకి ఆసిడ్ వేడెక్కి ఉంది, జింక్‌ని తినేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది, గ్రౌండ్‌లో, అంటే గీతలు లేని చోట ఆసిడ్ తగలకుండా ప్లేట్ మీద వేసే పూతలో, ఉన్న మైనం మెత్తబడింది. కోడి ఈకతో బుడగలు తుడుస్తూ ఏదో ఆలోచిస్తున్నా, చూసేసరికి నెలరోజులు గీసిన గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పుండులా అయ్యాయి. పదిహేను మంది పిల్లల ముందు!

సిగ్గుతో ప్లేట్ దాచేశాను. ఇప్పటికీ బాధపడేది దాని గురించే, పాడైనందుకు కాదు, దాచినందుకు. ఆ రోజే నోటుబుక్కు తీసి గది ఎంత వేడిగా ఉందో, ఎన్ని పాళ్ల నీళ్లకి ఎన్ని పాళ్ల ఆసిడో, ఎన్ని నిమిషాలకి గీత ఎంత లోతు దిగిందో రాసుకుని, పిల్లల చేత కూడా జనవరిలో, మేలో విడివిడిగా రాయించి ఉంటే, మన వాతావరణానికి పనికొచ్చే ఎచింగ్ పాఠం ఒకటి తయారయ్యేది. నేనేమో అప్పుడు ఎప్పుడూ కళ్లారా చూడని యూరప్ చిత్రకారుల మీద పేపరు రాస్తున్నా. దానికి పాయింట్లు వచ్చాయి. నాతో సహా ఎవరూ దాన్ని మళ్లీ చదవలేదు.

అందుకే నీ పరిశోధన ప్రశ్న నీ చెయ్యి ఆగిపోయిన చోట దొరుకుతుందేమో చూడు. ట్రే పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకో, మరకలు పడితే పడనీ. క్లాసులో ఎవరైనా "ఇదెందుకిలా అయింది సార్" అని అడిగితే, జవాబు తెలిసినా తెలియకపోయినా ప్రశ్నని అదే మాటల్లో రాసుకో. పిల్లలు చేసిన ప్రయోగం నీ థీసిస్‌లో వాడుకుంటే వాళ్లని అడుగు, పేరు వెయ్. వెయ్యని పెద్దమనుషుల్ని చూశాను.

ఇంకోటి. రెండేళ్లు గడిచాక నీ స్టూడెంట్ల ప్రింట్లు గోడకి వరసగా పెట్టి చూడు. అన్నీ నీ గీతల్లాగే కనిపిస్తే మురిసిపోకు, కంగారు పడు. ఆ టెన్షన్ నాకు చాలా ఆలస్యంగా మొదలైంది.

ఫారాలు, పాయింట్లు తప్పవు. వాటికి నెలకో శనివారం ఇవ్వు, అంతకంటే ఎక్కువ ఇస్తే మిగతా వారాలు కూడా అడుగుతాయి.

ఇక రాయడం. నువ్వు పంపిన వ్యాసంలో "సృజనాత్మక అభివ్యక్తి" అని ఆరుసార్లు ఉంది, "ఇంకు" ఒక్కసారి కూడా లేదు. ప్లేట్ తుడిచేటప్పుడు ఇంకు ఎక్కడ వదులుతావు, ఎక్కడ తీసేస్తావు, ఎందుకు? అది రాయి. ప్లేట్, బైట్ (ఆసిడ్ లోహాన్ని తినడం), ప్రూఫ్ (ఎలా వచ్చిందో చూసుకోడానికి తీసే అచ్చు) అని మనం రోజూ అనేవాటికి కొత్త తెలుగు మాటలు పుట్టించే పని పెట్టుకోకు, క్లాసులో అన్నట్టే రాయి. రాశాక ఫస్టియర్ పిల్లాడికి చదివి వినిపించు. వాడు ఫోన్ తీసిన చోట కొట్టెయ్.

ఈసారి వ్యాసంతో పాటు పాడైన ప్రూఫ్ కూడా ఒకటి పంపు. ఆసిడ్ కలిపేటప్పుడు నీళ్లలో ఆసిడ్ పొయ్యి, ఆసిడ్‌లో నీళ్లు కాదు. కిటికీలు తీసి ఉంచు.

ఉంటా.