మ్యాక్‌లో ట్యాలీ: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి శ్రావణికి, మామయ్య ఆశీస్సులు.

మీ అన్నయ్య వాడి ఇచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ మీద విండోస్‌లో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఎలా నడపాలి, ప్యారలల్స్ కొనాలా, వీఎంవేర్ పెట్టుకోవాలా అని అడిగావు. ఆ రెండూ మ్యాక్ లోపలే వర్చువల్ మెషీన్‌ని, అంటే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ని సృష్టించి, అందులో విండోస్‌ని నడిపే ప్రోగ్రాములు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నీది ఎం1 చిప్పు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ డిస్కు అన్నావు కదా. ఇంటెల్ మ్యాక్‌ల రోజుల్లో మేం యాపిల్ ఇచ్చిన బూట్ క్యాంప్‌తో విండోస్‌ని నేరుగా ఎక్కించేవాళ్లం. 2020 చివర్లో యాపిల్ నీ ఎం1తో మొదలుపెట్టి ఆర్మ్ రకం సొంత చిప్పులతో మ్యాక్‌లు తెచ్చాక, వాటిలో ఆ దారి లేదు. వర్చువల్ మెషీన్‌లో కూడా ఆర్మ్ చిప్పుల కోసం చేసిన విండోస్ 11నే ఎక్కించాలి. ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాములను అది తనలో తాను మార్చుకుని నడుపుతుంది కాబట్టి ట్యాలీ లాంటి వాటితో సాధారణంగా పేచీ ఉండదు.

పేచీ అంతా డ్రైవర్లతో, అంటే పరికరాలను విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాములతో. ప్రోగ్రాముల్ని మార్చుకున్నట్టు డ్రైవర్లను అది మార్చుకోలేదు. మీ ఆఫీసు సార్ సంతకానికి వాడే, డిజిటల్ సిగ్నేచర్ ఉండే యూఎస్‌బీ టోకెన్, ఆఫీసులోని పాత ప్రింటర్, వీటికి ఆర్మ్ విండోస్ డ్రైవర్ లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా పనిచెయ్యవు. కాబట్టి ముందు టోకెన్ మీద ఏ పేరుందో చూసి, దాని తయారీదారుని అడుగు. మ్యాక్‌కే నేరుగా డ్రైవర్ ఉంటే ఇంకా మంచిది, సంతకం పని మ్యాక్‌లోనే కానిచ్చుకోవచ్చు. చాలామంది డబ్బు కట్టాక ఈ సంగతి కనుక్కుంటారు.

ఇంకో మాట. అసలు నీకు వర్చువల్ మెషీన్ కావాలా? మీ ఆఫీసులో సాయంత్రం ఖాళీగా పడి ఉండే విండోస్ ప్రో మెషీన్ ఒకటుంటే, మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ యాప్ మ్యాక్‌లో వేసుకుని, ఆఫీసు వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) మీదుగా దానికి కనెక్ట్ అవ్వచ్చు. క్లయింట్ల లెక్కలు ఆఫీసు గడప దాటవు, నీ 8 జీబీ మీద భారం పడదు. సార్ ఒప్పుకుంటే నేనైతే ఇదే చేస్తాను. ఇంట్లో నెట్ సరిగా రాకపోతేనో, ఆయన కుదరదంటేనో మిగతాది చదువు.

మొదట వీఎంవేర్ ఫ్యూజన్ పెట్టి చూడు. 2024 నవంబరు నుంచి ఆఫీసు పనికి కూడా అది ఉచితం. ఇప్పుడది బ్రాడ్‌కామ్ చేతిలో ఉంది, డౌన్‌లోడ్ చెయ్యాలంటే వాళ్ల సైట్‌లో ఖాతా తెరవాలి. ఆ మెనూల్లో తిరిగి తిరిగి విసుగొస్తుంది, ఓపిక పట్టు. విండోస్ ఎక్కాక, తెర, నెట్ సరిగా పనిచెయ్యడానికి అందులో వీఎంవేర్ టూల్స్ వెయ్యడం మర్చిపోకు.

ప్యారలల్స్‌లో ఆ బాధ లేదు, విండోస్‌ని అదే తెచ్చి ఎక్కిస్తుంది. విండోస్ కిటికీలు మ్యాక్ కిటికీల మధ్యే కలిసిపోయేలా చూపిస్తుంది. ఆర్మ్ విండోస్‌ని అందులో నడపడానికి మైక్రోసాఫ్ట్ 2023లోనే అధికారికంగా ఒప్పుకుంది. కాకపోతే డబ్బు కట్టి కొనాలి. 14 రోజుల ట్రయల్ ఉంది కదా, దాన్ని నెలాఖర్లో వృథా చేసుకోకు. 9వ తేదీన మొదలుపెట్టు. 11న అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీ, రెండింటి ఆఖరు తేదీలూ ఆ 14 రోజుల్లోనే వస్తాయి. అసలు ఒత్తిడిలో ఎలా ఉంటుందో తెలుస్తుంది. కొనాలనిపిస్తే స్టాండర్డ్ చాలు. అందులో వర్చువల్ మెషీన్‌కి 8 జీబీ ర్యామ్ మించి ఇవ్వనివ్వదని ప్రో అమ్మజూపుతారు. నీ మ్యాక్ మొత్తానికే ఉన్నది 8. విండోస్‌కి 4 ఇచ్చి, పని చేసేటప్పుడు క్రోమ్ ట్యాబులు మూసెయ్యి.

ఇలాంటిదే యూటీఎం అని ఇంకొకటుంది, అది కూడా ఉచితమే, తేలికైనది. గ్రాఫిక్స్ బలం లేదు గానీ ట్యాలీ తెరకి అదెందుకు? పెట్టేటప్పుడు 'వర్చువలైజ్' అన్నది ఎంచుకో, 'ఎమ్యులేట్' నొక్కావో నత్తనడకే. వర్చువల్‌బాక్స్ ఈ చిప్పుల మీద విండోస్‌ని నడపడం 2025లో గానీ మొదలుపెట్టలేదు. దాని జోలికి ఇప్పుడే వెళ్లకు.

వీటిలో ఏది పెట్టుకున్నా విండోస్ లైసెన్సు విడిగా కొనాల్సిందే. ఐదొందలకి కీ ఇస్తామనే వాళ్ల దగ్గర కొనకు. రేపు ఇంకొకరి పుస్తకాలు ఆడిట్ చేయాల్సినదానివి నువ్వు.

ట్యాలీని ముందు ఎడ్యుకేషన్ మోడ్‌లో పెట్టి చూడు. అందులో ఎంట్రీలు 1, 2, 31 తేదీల్లోనే పడతాయి, పనిచేస్తుందో లేదో చూసుకోడానికి అది చాలు. అసలు లైసెన్సు ఎక్కించాక వర్చువల్ మెషీన్ తీసెయ్యాల్సొస్తే, ముందు ఆ లైసెన్సు సరెండర్ చెయ్యి, అంటే ట్యాలీలోంచే వెనక్కి ఇచ్చెయ్యి.

ఇక నా తలనొప్పి కథ. కొత్తలో నాకు స్నాప్‌షాట్ (వర్చువల్ మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో దాచుకుని, కావాలంటే మళ్లీ అక్కడికే వెళ్లే ఏర్పాటు) అంటే తెగ ముచ్చట. వారానికొకటి తీసేవాణ్ని, పాతవి చెరిపేవాణ్ని కాదు. అవి లోపల్లోపల పెరిగి డిస్కు నింపేశాయి. సరిగ్గా 20వ తేదీ మధ్యాహ్నం మెషీన్ తెరుచుకోలేదు. ట్యాలీ డేటా మొత్తం దాని కడుపులోనే ఉంది. మీ అత్తయ్య టీ తెచ్చి పెడితే తాగాలనిపించలేదు. పెళ్లి వీడియోలు, సినిమాలు చెరిపి చోటు చేస్తే రాత్రి తొమ్మిదికి తెరుచుకుంది. ఆ వీడియోల సంగతి ఆవిడ ఇప్పటికీ ఎత్తుతుంది.

నీకున్నది 256 జీబీ, విండోస్‌కే 64 పక్కన పెట్టాలి. స్నాప్‌షాట్ ఏదైనా అప్‌డేట్‌కి ముందు ఒకటి తీసుకో, అంతా బాగుంటే వారంలో చెరిపెయ్యి. ట్యాలీ డేటా విండోస్ లోపలే ఉండనివ్వు, మ్యాక్ ఫోల్డర్ నుంచి తెరవకు. కానీ రోజూ పని ముగిశాక ట్యాలీలో ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీసి, ఆ ఫైలు మ్యాక్ ఫోల్డర్‌లోకి, అక్కణ్ణుంచి బయటి డిస్కులోకి కాపీ చెయ్యి.

టోకెన్ మీది పేరు ఆదివారం ఫోన్ చేసి చదివి వినిపించు. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య