ప్రకటనలు పోయినంత మాత్రాన గోప్యత దక్కుతుందా?

ప్రశ్న: మేం నలుగురం. నా జీతం నెలకు 42 వేలు. పిల్లలు పాఠాలు చూసే వీడియోల మధ్య ప్రకటనలు విసిగిస్తున్నాయి. యూట్యూబ్ ప్రీమియం తీసుకుంటే మా వివరాలు కూడా కంపెనీల చేతికి పోకుండా ఉంటాయా? అంత ఖర్చు అవసరమా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. ప్రీమియం చందా కడితే వీడియోల మధ్య ప్రకటనలు ఆగుతాయి గానీ, మీ ఇంట్లో ఎవరు ఏం చూశారు, ఏం వెతికారు అన్న చరిత్ర మునుపటిలాగే ఖాతాలో నమోదవుతూ ఉంటుంది. కాబట్టి ఈ ఖర్చును పిల్లల చదువు సమయం కోసం పెడుతున్న ఖర్చుగానే లెక్కవేయండి.

2024 ఆగస్టులో పెంచిన ధరల ప్రకారం వ్యక్తిగత ప్లాన్ నెలకు 149 రూపాయలు, విద్యార్థి ప్లాన్ 89, కుటుంబ ప్లాన్ 299. చేరే ముందు ఇప్పటి ధర ఒకసారి సరిచూసుకోండి. ఈమధ్య నా దగ్గరకు వచ్చిన దంపతుల బ్యాంకు స్టేట్‌మెంట్లలో ఇద్దరి ఖాతాల నుంచీ వేర్వేరుగా 149 చొప్పున పోతున్నట్టు కనిపించింది. మరో రూపాయి కలిపితే ఇంటిల్లిపాదికీ సరిపోయేది. కుటుంబ ప్లాన్‌కు ఏడాదికి 3,588 రూపాయలవుతుంది. ఆరోగ్య బీమా ప్రీమియం, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు సమకూరాక, పిల్లలు నిజంగా రోజూ గంటకు పైగా పాఠాలు చూస్తుంటే తీసుకోండి. లేకపోతే వాయిదా వేయమనే నా సలహా.

గోప్యతకు పైసా ఖర్చు లేదు. గూగుల్ ఖాతాలో మూడు నెలలు దాటిన వీడియోల చరిత్ర దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు, మన అభిరుచులను బట్టి ప్రకటనలు చూపడాన్ని ఆపేయవచ్చు.

నన్ను ఇంతకంటే ఎక్కువగా భయపెట్టేవి లోన్ యాప్‌లు. 2020 చివర్లో వాటి వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. ఫోన్‌లోని బంధువుల నంబర్లే ఆ వేధింపులకు ఆయుధాలయ్యాయి. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాల జోలికి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే ఆదేశించింది. వాటికి అనుమతి అడిగే లోన్ యాప్ మీ ఇంట్లో ఎవరి ఫోన్‌లో ఉన్నా ఈరోజే తీసేయించండి.

చందా తీసుకుంటే ఒక జాగ్రత్త. ఉచిత నెల కోసం ఆటోపేకు ఒప్పుకున్నారంటే, గడువు తీరగానే డబ్బు దానంతటదే పోతుంది, 15,000 రూపాయల లోపు మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ కూడా అడగరు. డబ్బు పోయే 24 గంటల ముందు సందేశం రావాలన్నది నిబంధన. దాన్ని చూసిన వెంటనే, వద్దనుకుంటే, యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి రద్దు చేసుకోండి.