అదురంటే బెదురేనా?

సందేహం: పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం వెల్డింగ్ పాఠం తెలుగులో రాస్తున్నాను. "అతికేటప్పుడు సన్నని అదురు ఇస్తే అల్యూమినియం మిశ్రలోహాల అతుకు బలపడుతుంది" అని రాశాను. అదురంటే భయమనీ, 'ప్రకంపనం' అని దిద్దమనీ తోటి లెక్చరర్ అన్నారు. ఏది సరి?
– ఒక పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్

సమాధానం: దిద్దకండి. భయపడితే ఒళ్లు అదురుతుంది గనక ఆ మాటకు భయమనే అర్థం అంటుకుంది. కన్ను అదిరితే ఎవరూ భయపడరే, కుడిదా ఎడమదా అని చూసుకుంటారు! ఆటో గుంతలో పడితే కుదుపు. సిగ్నల్ దగ్గర ఆగినా ఇంజిన్ ఆపకపోతే సీటు కింద నుంచి ఒంటికి తెలిసేది అదురు. వణుకు చలికీ జ్వరానికీ చెందింది.

ఈ మాట మన ఒక్కరిదే కాదు. కన్నడంలో అదిరు, తమిళంలో అదిర్. తమిళ భౌతికశాస్త్ర పుస్తకాల్లో కంపనం 'అదిర్వు'. సెకనుకు ఎన్నిసార్లో చెప్పే లెక్క 'అదిర్వెణ్', అంటే అదురు సంఖ్య. పిల్లవాడికి విన్నవెంటనే తెలుస్తుంది. మనమేమో 'పౌనఃపున్యం' అని పెట్టుకున్నాం. నోరు తిరగదు, అర్థం తట్టదు. ఇంట్లో ఉన్న మాటను 'అదిరింది' అనే మెచ్చుకోలుకు వదిలేసి, చదువుకు పనికిరాదనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మీ పాఠానికి ఇది ఎంత అతికిందో చూడండి. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు స్ఫటికాలు చెట్టుకొమ్మల్లా సాగుతాయి. అదురుకు ఆ కొసలు విరిగి, కొత్త రేణువులకు విత్తనాలవుతాయి. రేణువులు సన్నబడితే అతుకుకు బలం, పగుళ్లు తక్కువ. కరిగిన అల్యూమినియం పీల్చుకున్న హైడ్రోజన్‌కు గడ్డకట్టాక చోటుండదు, బుడగలవుతుంది. అదురు ఆ బుడగల్ని పైకి తేలుస్తుంది. మితిమీరితే మాత్రం అతుకే చెడుతుంది. అలాంటిచోట, 'ప్ర' చేర్చి తీవ్రతను పెంచిన ప్రకంపనం ఎందుకు? రాజీనామా లేఖ అందినా ప్రకంపనలే అని రాసే పత్రికలకు వదిలేయండి.

కంపనం తప్పు కాదు, 'కపి చలనే' (కదలడం అనే అర్థమున్న 'కపి') అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. పరీక్ష పేపర్లో అదే ఉంటుంది కాబట్టి మొదటిసారి 'అదురు (కంపనం)' అని రాసి, తర్వాత అదురుతోనే నడపండి. 'అదురు ఇస్తే' అనాలా, 'అదురు పెడితే' అనాలా అన్నది నేను తేల్చలేను. మీ బాలానగర్ షెడ్లలో పనివాళ్లు ఏమంటున్నారో విని, నాకూ రాయండి.