5 − 3(య − 4) = 2(య + 1) లో బ్రాకెట్లు ఎలా తీయాలి?

ఇక్కడ వాడేది విభాగ న్యాయం: అ(బ + క) = అబ + అక. బ్రాకెట్ బయటి సంఖ్య లోపలున్న ప్రతి పదాన్నీ గుణించాలి, ఒక్క మొదటిదాన్నే కాదు.

ఎడమవైపు బయట ఉన్నది 3 కాదు, −3. గుర్తుతో సహా గుణించండి: −3 × య = −3య, −3 × −4 = +12. తప్పులు ఎక్కువగా ఇక్కడే. −12 అని రాస్తే జవాబు −9/5 వస్తుంది. కొందరు ముందే 5 − 3 = 2 చేసేస్తారు, అది ఇంకా పెద్ద తప్పు; ఆ 3 బ్రాకెట్‌తో గుణకారంలో ఉంది, గుణకారం అయ్యాకే తీసివేత. అలా చేస్తే 2(య − 4) = 2(య + 1), అంటే −4 = 1 అని తేలి, జవాబే లేదనిపిస్తుంది.

సరిగ్గా చేస్తే:

5 − 3య + 12 = 2య + 2
17 − 3య = 2య + 2
15 = 5య
య = 3

సరిచూడటం అసలు లెక్కలోనే చేయాలి, మధ్య మెట్టులో కాదు. ఎడమవైపు 5 − 3(−1) = 8, కుడివైపు 2 × 4 = 8. సరిపోయింది.

అన్నిసార్లూ బ్రాకెట్ విప్పనక్కర్లేదు. 4(య − 7) = 20 లాంటిదైతే రెండు వైపులా 4తో భాగించడమే మేలు: య − 7 = 5, య = 12. కుడివైపు 18 ఉంటే మాత్రం భిన్నం వస్తుంది కాబట్టి విప్పితేనే సుఖం: 4య = 46, య = 11.5.